మంచినీళ్లే అన్నాను

ఏటి నీళ్లు సీసాల్లో పట్టి లాబ్‌కి తేవడం నా ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా నెలకోసారి విజయవాడలో జీపెక్కి, కూచిపూడి దాటి, కృష్ణ సముద్రంలో కలిసే ముందున్న ఒక రేవుకి వెళ్తున్నాను. ఆ రేవుకి ఎగువన ఇసుక రీచ్, దిగువన ఇంకో రీచ్. పొక్లెయిన్లు ఏటి అడుగు తోడి టిప్పర్లకెత్తుతుంటాయి. ఈ తవ్వకాలతో నీళ్లు ఏమవుతున్నాయో ఏళ్ల తరబడి రాసిపెట్టాలి. రాసిపెట్టడం వరకే మా పని.

రేవు పక్కన చేపలు పట్టే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. మొదటి ఇంటావిడ నాకంటే పదేళ్లు పెద్ద. నేను జీపు దిగగానే స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చేది. "వద్దండీ, నా సీసా ఉంది" అనేదాన్ని. "నీళ్ల మేడంగారికి నీళ్లంటే భయం" అని నవ్వేది. తొమ్మిదేళ్లలో ఒక్కసారి తప్ప ఆ గ్లాసు అందుకోలేదు.

అవి చెలమ నీళ్లు. ఏటి ఇసుకలో గొయ్యి తీస్తే అడుగున ఊరతాయి, ఇసుకే వడపోసి ఇస్తుంది. ట్యాంకరు వస్తే వస్తుంది, లేకపోతే లేదు. వాళ్ల నమ్మకమంతా చెలమ మీదే. ఇసుక పోతున్నకొద్దీ ఆ గొయ్యి లోతవుతూ వచ్చింది. మేం నీళ్లు పట్టాల్సిన పాయింట్ల లిస్టులో మాత్రం చెలమ లేదు.

కిందటి వేసవిలో ఆవిడ గట్టు మీద నిలబడి అడిగింది.

"ఈ మధ్య నీళ్లు నోటికి తేడాగా ఉంటన్నాయండీ. మీ మిషనుతో చూసి చెప్పండి. మా కోడలు వట్టి మనిషి కాదు."

నేను మోకాలి లోతు ఏట్లో ఉన్నాను. రూలు ప్రకారం పైనుంచి అడుగు లోతున ఉప్పు కొలిచే మీటరు ముంచి ఉంది. అంకె చూశాను. మా వైపు నీళ్లు రెండే రకాలు: ఉప్పునీళ్లు, మంచినీళ్లు. ఇవి ఉప్పు కాదు కాబట్టి, తలెత్తకుండానే "మంచినీళ్లేనండీ" అన్నాను. నేను చెప్పింది ఏటి పైనీళ్ల గురించి. ఆవిడ విన్నది తన బిందెలో నీళ్ల గురించి.

"అయితే నా నాలికే చెడింది" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

తర్వాత కోడలి కాళ్లు వాచాయి. బీపీ ఉంది, ఉప్పు మానమన్నారు డాక్టరుగారు. కూరలో ఉప్పు మానేశారు. పచ్చడి జాడీ అటకెక్కించారు. చేపల వాళ్ల ఇంట్లో ఎండుచేప ముట్టుకోనివ్వలేదు. దాహమంటే చెలమ నీళ్లిచ్చారు. ఇంకా దాహమంటే ఇంకా ఇచ్చారు.

ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది.

ఇదంతా నాకు ఆ తర్వాతి నెల రేవుకి వెళ్లినప్పుడు తెలిసింది. ఆవిడే చెప్పింది, అలవాటు చొప్పున గ్లాసు చేతిలో పెట్టి. ఆరోజు వద్దనలేదు. ఒక్క గుక్క తాగాను. ఉప్పు. మీటరుతో పనే లేదు.

ఉప్పునీరు బరువు, అడుగున పాకుతుంది; మంచినీరు దాని పైన తేలుతుంది. ఈ ముక్క పరీక్షలో రాసి పాసైనదాన్ని. అడుగు లోతయిన ఏట్లోకి సముద్రం కిందనుంచి ఎగదన్ని చెలమలోకి ఊరుతుంటే, నేను పైపైన ముంచి పుస్తకాలు నింపాను. బిడ్డ ఆ నీళ్ల వల్లే పోయిందని చెప్పలేను. కాదని అంతకన్నా చెప్పలేను. నా మీద నాకు అసహ్యం వేసింది.

"ఇవి ఉప్పునీళ్లండీ. తాగకండి" అన్నాను.

"తెలుసండీ" అంది ఆవిడ. "మొదట్నించీ తెలుసు. మీరు మంచినీళ్లే అన్నాక, చదువులేనిదాన్ని, నాకేం తెలుసులే అనుకున్నా."

లోపలి నుంచి కోడలు మంచినీళ్లు అడిగింది. ఆవిడ లేచి బిందె దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరిగి నా సీసా వైపు చూసింది.