నర్సవ్వ సూది కోసం కట్టంగూరుకు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, బుగ్గ మీది క్యాన్సరు పుండుకు గుచ్చిన రేడియం సూదితోనే నర్సవ్వ మా దవాఖాన నుంచి వెళ్లిపోయింది. నేతపని చేసే ఆమె పెనిమిటి లింగయ్యను మిలిటరీ వాళ్లు పట్టుకుపోయారని కబురొచ్చిందట. వాళ్లది కట్టంగూరు. రేడియం కొలతలు చూసేవాణ్ని గనుక సూది తెచ్చే పని నామీద పడింది. అటు వెళ్లడానికి మిలిటరీ పర్మిట్ దొరికేసరికి నాలుగు రోజులైంది.

హైదరాబాదులో పొద్దున ఆరింటి బస్సు. టిక్కెట్టు నిజాం సిక్కాలో రెండు హాలీ రూపాయలు. ఒళ్లో సూది పెట్టుకొచ్చేందుకు సీసపు డబ్బా, సంచిలో అయనైజేషన్ చాంబరు. చాంబరంటే శనగగింజంత గాలి పట్టే గుల్ల. ఆ గాలిలో రేడియం పుట్టించే కరెంటును బట్టి మోతాదు తెలుస్తుంది. నన్నెవరూ బడికి పంపి నేర్పలేదు. తుడవమని ఇస్తే తుడుస్తూ నేర్చుకున్నాను. చౌటుప్పల్ మిలిటరీ తనిఖీ దగ్గర డ్రైవరు వెనక్కి తిరిగి, "గట్ల డబ్బను కావలిచ్చుకుంటే వాళ్లకు అనుమానమే వస్తది సారూ, జర కింద పెట్టు" అన్నాడు. పెట్టాను. అయినా గంట ఆపారు.

మధ్యాహ్నానికి చేరాను. నర్సవ్వ ఊరు చేరిన రోజే లింగయ్యను వదిలేశారట. మగ్గం దగ్గర కూర్చుని ఉన్నాడు. సూది ఏదంటే కుడి మణికట్టుకు కట్టిన గుడ్డ చూపించాడు. మిలిటరీ వాళ్లు తాడు బిగించి కట్టినచోట పుండైందట.

"నా పుండును తింటాంది గద సారూ, ఆయనది గుడ తింటదని సూది దారం వట్టి బుగ్గల నుంచి గుంజి ఆయన చేతికి కట్టిన" అంది నర్సవ్వ.

సూదిని పట్టకారుతో తీసి, చాంబరును అంగుళం దూరంలో, తర్వాత అరంగుళంలో ఉంచి కొలిచాను. దగ్గరయ్యేకొద్దీ మోతాదు ఒక్కసారిగా పెరుగుతుంది. చర్మానికి ఆనుకున్నంత దగ్గర మాత్రం కొలవలేం. చాంబరు లావే అడ్డం, అది సగటునే చూపిస్తుంది. మిగతాది లెక్కకట్టాలి. నాలుగు రోజులకు రెండుసార్లు కట్టాను. రెండుసార్లూ చర్మం ఓర్చుకోలేని మోతాదే వచ్చింది. మణికట్టు మీద తాడు పుండు చుట్టూ అప్పటికి కాస్త ఎరుపే ఉంది.

"చెయ్యి నిలుస్తదా సారూ?" అన్నాడు లింగయ్య. నిలుస్తుంది కానీ మగ్గం మీద నాడె విసిరి నేయడం కష్టమని చెప్పాను.

"గా నాలుగు దినాల మందు నా బుగ్గకు రావాలె గద?" అంది నర్సవ్వ. తలూపాను.

"మరెందుకు దీసినవే?" అన్నాడు లింగయ్య ఆమెతో.

"నువ్వు నొప్పి నొప్పి అంటివి."

రెండింటి బస్సుకు ముగ్గురం బయలుదేరాం.

నెల తిరక్కుండానే అతని వేళ్లు ముడుచుకుపోయాయి. ఆమెకు మళ్లీ సూదులు పెట్టారుగానీ వానాకాలం దాటి బతకలేదు. నాకు ఆమె మీద కోపం రాలేదు. సూది పుండును మానుస్తుందని చెప్పాం, ఇంకొకరికి ఏం చేస్తుందో చెప్పలేదు. మీవాళ్లను రేడియం వైద్యానికి తెస్తే, సూదులు తీసేదాకా ఒకరు మంచం పక్కనే ఉండండి. ఊరి కబురు ఏదైనా రోగికంటే ముందు మీ చెవిన పడాలి.