కన్నాంబకు సాటి

రాజేశ్వరరావు పేరెత్తితే వరదయ్య అయ్యవారికి ఒళ్ళు మండేది. మండదా మరి? జార్జి టౌన్‌లో ఆయన మేడగదిలోనే మూడేళ్ళు ఇంగ్లీషు నేర్చుకుని, సరిగ్గా ఎదురింటికే తన పేరుతో బోర్డు తగిలించాడు ఆ పెద్దమనిషి. ఏడాది తిరిగేసరికి అయ్యవారి బెంచీలు ఖాళీ.

ఇక మిగిలిన ఆశ అంబత్తూరు ఫ్యాక్టరీ ఒక్కటే. ఆంధ్ర నుంచి వచ్చిన పనివాళ్ళకు తెలుగులో చెప్పి ఇంగ్లీషు నేర్పే మాస్టరు కావాలన్నారు. దానికీ రాజేశ్వరరావు పోటీకొచ్చాడు. ఇద్దరూ చెరో పాఠం చెప్పాలి, బాగా చెప్పినవాడిదే క్లాసు. ఇదీ పోతే మేడగదికి తాళమే.

మేనేజరు ఇచ్చిన పాఠం, పోటీకి సంబంధించిన మాటలు. అయ్యవారు లోలోపల మురిసిపోయారు. నలభై ఏళ్ళుగా ఆయన సానబెట్టిన పాఠం అది.

ముందు రాజేశ్వరరావు లేచాడు. అంగడికి ఎదురంగడివాడు కాంపిటీటర్ అన్నాడు. ఆట ముగిసేదాకా ఎదుట నిలబడేవాడు ఒపోనెంట్, ముగిశాక కూడా పంతం వదలనివాడు రైవల్ అన్నాడు. అవతలివాడు బరిలోకి రాకుండానే దక్కే గెలుపు వాకోవర్ అన్నాడు. అయ్యవారికి అరికాలి మంట నెత్తికెక్కింది. వెధవ, ఒక్క ముక్క మార్చలేదు! కానీ ఏమని నిలదీయాలి? ప్రతి పాఠం మూడుసార్లు రాయించి, ఆ నోటుబుక్కు ఇంటికిచ్చి పంపడం తను పెట్టిన పద్ధతే.

అంతటితో ఆగాడా? బోర్డు మీద ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి అర్థం చెప్పాడు: కాఫీ పెట్టడంలో కన్నాంబకు రైవల్ లేరు.

కన్నాంబ ఎవరని మేనేజరు నవ్వుతూ అడిగాడు.

"ఎవరూ లేరు సార్, ఊరికే ఒక పేరు."

మూడేళ్ళు ఆమె చేతి కాఫీ తాగిన నోరది. కన్నాంబ పోయి ఇంకా రెండేళ్ళు కాలేదు. అయ్యవారు లేచి బోర్డు దగ్గరికి నడిచారు.

"నీకు జొరమొస్తే ఆడ నా ఇంట్లో గంజి కాచి పోసింది ఎవర్రా? నా పెళ్ళాం పేరు ఈడ నీ చేత్తో రాయొద్దు."

వాడు తల దించుకున్నాడు. అయ్యవారు డస్టరు తీసుకుని కన్నాంబ పేరొక్కటే తుడిచారు. ఇక మీరు చెప్పండన్నాడు మేనేజరు. తన పాఠం అయిపోయిందని చెప్పి అయ్యవారు బయటికొచ్చి బస్సెక్కారు.

క్లాసు రాజేశ్వరరావుకే ఇచ్చారు. వారం తిరక్కుండా మేడగదికి తాళం పడింది. తనకు దక్కినదాన్ని వాకోవర్ అంటారని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయ్యవారు మూడుసార్లు రాయించారు.