కూనూరు నుంచి కంటోన్మెంట్‌కు ఒక నల్లాకు మొక్క

ఒక పూలకుండీ కోసం కొండలెక్కి రావడమేంటని అడిగిన వాళ్లందరికీ నేను ఒకటే చెప్పాను: ప్లాస్టిక్ పూలను చూస్తూ ఇంకో ఏడాది ప్రార్థన చేయడం నా వల్ల కాదు.

బళ్లారి కంటోన్మెంట్‌లోని మా చర్చిలో, ప్రసంగవేదిక పక్కన నేల మీద ఒక పెద్ద ఇత్తడి జాడీ ఉండేది. అందులో ప్లాస్టిక్ గులాబీలు. ఎప్పుడో ఎర్రగా ఉండేవట. గనుల లారీల ఎర్రధూళి పట్టి ఇటుకముక్కల్లా తయారయ్యాయి. స్త్రీల సమాజం మీటింగులో లేచి, వాటిని తీసేసి ప్రాణమున్న మొక్కను పెడదామన్నాను. సమాజం అధ్యక్షురాలు రూతమ్మ. మా ఆయనకు అక్క, నాకు వదిన, పైగా మా గోడ పక్కిల్లే. ఆమె ఇంటి ఏసీ పైపు మా వైపు కారుతుందని రెండేళ్లుగా మా ఇద్దరికీ గొడవ. కాబట్టి నేను లేచి నిలబడితేనే ఆమె కళ్లజోడు సర్దుకుంటుంది.

"ఏం మొక్క పెడతావు సరోజా? మన ఎండకు బండలే పగుల్తాండాయి," అంది.

"హైడ్రేంజియా పెడతా. నల్లాకుది."

చలికొండల్లో గుత్తులు గుత్తులుగా పూసే పువ్వు అది. అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. "అయితే ఒక ఎండాకాలం బతికిచ్చి, వచ్చే కోతల పండక్కి పువ్వుతో తీసకరా. ఆ పొద్దు ఈ జాడీ నేనే తీస్తా. తేలేకపోతివా, ఇంగ నువ్వీ మాట ఎత్తగూడదు."

సరేనన్నాను. నాకు తెలియక అన్న మాట కాదు. వృక్షశాస్త్రంలో డిగ్రీ చేసినదాన్ని. మా నాయనమ్మ కాలంలో మిషన్ బంగళా వరండాలో తొట్ల నిండా హైడ్రేంజియాలు పూసేవని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. అప్పుడు పూసింది ఇప్పుడెందుకు పూయదు? ఇక నల్లాకుదే ఎందుకంటే, పువ్వు కొన్నాళ్లుంటుంది, ఆకు ఏడాదంతా ఉంటుంది. చర్చి తెల్లగోడ ముందు ముదురు ఊదా నలుపులో ఉండే ఆకు, పువ్వు లేనప్పుడూ పువ్వంత అందంగా ఉంటుంది.

అంతకుముందు బెంగళూరు నుంచి ఒక మామూలు పచ్చాకుది తెచ్చి చూశాం. నెల తిరక్కుండా ఆకులు పసుపయ్యాయి. ఇనుము తక్కువైందని ఎవరో అన్నారు. మా ఆయన దోణిమలై ఇనుప గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఇనుము తక్కువ అన్న మాట ఆయనకు తిట్టులా తగిలింది. మర్నాడే పాత స్నేహితుల జీపులో ఒక సంచి గుట్ట మన్ను దింపించారు.

"ఇనప గుట్ట మింద బతికినోణ్ణి. నా ఇంట్లో చెట్టుకు ఇనుము తక్కువా?" అని నాలుగు దోసిళ్లు కుండీలో పోశారు. మన్ను గట్టిపడింది, మొక్క చచ్చింది. రాయిలో ఇనుముంటే చెట్టుకు ఏం లాభం? మా బోర్ల సున్నపు నీళ్లలో అది వేరుకు అందదు. ఆ మాట చెబితే మా ఆయన మిగిలిన మన్నును సంచిలోనే ఉంచి మూతి కట్టేశారు. ఆ సంచి మాత్రం గేటు పక్కనే ఉండిపోయింది.

అందుకే ఈసారి మొక్క పుట్టిన చోటికే వెళ్లి, చూసి, అడిగి తెచ్చుకోవాలనుకున్నాను. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక గురువారం రాత్రి పదిన్నర ప్రాంతంలో బళ్లారిలో మైసూరు రైలెక్కాను. స్లీపర్‌లో కింది బెర్తు దొరికింది. ఎదుటి బెర్తులో బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఎక్కడికని అడిగారు, చెప్పాను.

"మొక్క కోసరం ఇంత దూరమా? ఆన్‌లైన్లో ఇంటికే తెచ్చిస్తాండారు గదమ్మా."

"ఫొటో ఒకటి పెడతారు, ఇంకొకటి పంపిస్తారు. మీ అల్లుణ్ణి ఫొటో చూసే తెచ్చుకుంటిరా అప్పా?"

ఆయన తలకింద సంచి సర్దుకున్నారు. "ఫొటో చూసే తెచ్చుకుంటిమి. నువ్ పోయి చూసే తెచ్చుకో తల్లీ," అని దుప్పటి కప్పుకున్నారు.

తెల్లారి తొమ్మిదిన్నర దాటాక మైసూరు. స్టేషన్ బయట రెండు ఇడ్లీ, ఒక వడ తిని, ఊటీ బస్సెక్కాను. వెళ్లదలచిన ఆడవాళ్లు గుర్తుంచుకోవాలి: రాష్ట్రం దాటే బస్సు కాబట్టి ఇందులో మన కర్ణాటక ఉచిత ప్రయాణం చెల్లదు. టికెట్ తీయాల్సిందే. గుండ్లుపేట దాటితే అడవి. జింకలు కనిపించినప్పుడల్లా బస్సులో సగం మంది అవతలి సగం మంది మీద పడ్డారు. నీలగిరి చెక్‌పోస్టులో ప్లాస్టిక్ సీసాలన్నీ తీసేసుకున్నారు. నా దగ్గరున్నది స్టీలు సీసా. ప్లాస్టిక్‌ను అంత గట్టిగా ఆపే ఊరిని చూసి, మా చర్చి జాడీని ఈ చెక్‌పోస్టు మీదుగా ఒక్కసారి తీసుకొస్తే బాగుండుననిపించింది.

మధ్యాహ్నం మూడింటికి ఊటీ, అక్కడి నుంచి ఇంకో బస్సులో చీకటి పడేలోపు కూనూరు. కిందికి దిగేకొద్దీ చలి కాస్త తగ్గుతుంది. ఒక చర్చి గెస్ట్‌హౌస్‌లో ముందే గది చెప్పి ఉంచాను. గది చిన్నది, కంబళి మందం. మిరియాల చారు, అన్నం, అప్పడం పెట్టారు. రాత్రంతా రేకుల మీద వాన. మా ఊళ్లో ఒక ఏడాదికి కురిసేది ఇక్కడ ఒక రాత్రికే కురుస్తోందేమోనని కుళ్లుకుంటూ నిద్రపోయాను.

పొద్దున ఎనిమిదింటికి ఆటోలో నర్సరీకి వెళ్లాను. తేయాకు తోటల కింద, మెట్లు మెట్లుగా దిగే వాలు అది. నడిపేది మాదమ్మ, నీలగిరి కొండల బడగ జనంలోని ఆమె. స్కూల్ టీచర్‌గా రిటైరై మొక్కలు పెట్టుకుంది. ఆమె బడగ మాట, నా బళ్లారి కన్నడం ఒకదానికొకటి మేనత్త, మేనమామ బిడ్డల్లాంటివి. పోట్లాడుకోవడానికి బాగా సరిపోయాయి. ఆమె మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఎక్కడి నుంచి?"

"బళ్లారి."

"అమ్మను. మైదానం వాళ్లు పువ్వు చూసి కొంటారు, కారులో ఫొటో తీసుకుంటారు, ఇంటికెళ్లి చంపుతారు."

"అందరినీ ఒక్క గాటన కట్టేస్తే ఎట్లా? నేను ఫొటో తీయలేదు. ముందు చూపించండి."

గొణుక్కుంటూ షెడ్డులోకి తీసుకెళ్లింది. అక్కడున్నాయి, నల్లాకువి, ఓ ఇరవై దాకా. నేరేడు పండు తొక్కకు మెరుపు పెడితే ఉండే రంగు. నేను వంగి, చీర కొంగుతో ఒక ఆకును గట్టిగా తుడిచాను. పక్కదాన్నీ తుడిచాను. మూడోదానికి వెళ్లేసరికి మాదమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తున్నావమ్మా? నా మొక్కలు మురికిగా ఉన్నాయా?"

అప్పుడుగానీ నా చెయ్యి చేస్తున్న పని నాకు తెలియలేదు. మా ఊళ్లో ఆకు రంగు తెలియాలంటే ముందు తుడవాలి. మందారమైనా, మల్లె అయినా, పొద్దున తడిగుడ్డ పెట్టి తుడిస్తేనే అది పచ్చగా ఉందని తెలుస్తుంది. రంగు తేడాగా కనిపించిన ప్రతి ఆకుకూ ధూళి పట్టిందనుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అదే చెప్పాను.

మాదమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "రోజూ తుడుస్తారా? ప్రతి ఆకూ?"

"తుడవకపోతే ఎట్లా ఊపిరి పీల్చుకుంటుంది?"

ఆమె స్టూలు జరిపి కూర్చోమంది. టీ తెప్పించింది. "సరే, నువ్వే ఏరుకో. ఏది ఏరుకుంటావో చూసి, అమ్మేదీ లేనిదీ చెప్తాను."

పరీక్షలంటే నాకు భయం లేదు. నిండా పూసిన పెద్దదాన్ని వదిలేశాను. అది ఉన్న బలమంతా పువ్వుకు పెట్టేసింది, రైలు ప్రయాణానికి తట్టుకోదు. పొడుగ్గా సాగినదాన్నీ వదిలేశాను. చివరికి మోకాలెత్తున్న ఒకదాన్ని తీశాను. పువ్వు లేదు. మొదలు దగ్గరే మూడు కొమ్మలు, దగ్గర దగ్గరగా కణుపులు, ఒక్కో కణుపు దగ్గర బలిసిన చిగురుమొగ్గ. కుండీ అడుగు రంధ్రంలోంచి తెల్లటి వేళ్లు తొంగిచూస్తున్నాయి.

"కొత్త కొమ్మ మీద కూడా పూస్తుందా?" అని అడిగాను. మా ఎండకు పాత కొమ్మలు మాడినా పువ్వు దక్కాలి కదా.

"అది అడగకపోయి ఉంటే ఇచ్చేదాన్ని కాదు," అంది మాదమ్మ. "పూస్తుంది. కానీ విను. పూర్తి నీడలో పెడితే నల్లాకు పచ్చబడుతుంది. పూర్తి ఎండలో పెడితే మాడుతుంది. లేత ఎండ తగలాలి, పది దాటాక నీడ. నీళ్లు వాన నీళ్లలా మెత్తగా ఉండాలి. మీ దగ్గర వానలున్నాయా?"

"అంతంతే."

"మరెట్లా?"

"అది నేను చూసుకుంటాను," అన్నాను. నిజానికి అప్పటికి నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు పొద్దున తిరుగు ప్రయాణం. వేళ్లకు తడి గోనె చుట్టి, మొక్కను ఒళ్లో పెట్టుకుని మైసూరు బస్సులో కూర్చున్నాను. కండక్టర్ వచ్చి మొక్కను చూపించాడు. "గిడకు లగేజీ టికెట్ తీయాల."

"ఒళ్లో పిల్లకు తీస్తావా టికెట్?"

"పిల్లకైతే ఎత్తు కొలుస్తాం అక్కా."

"కొలువు మరి."

అతను నిజంగానే మొక్కను తీసుకెళ్లి తలుపు దగ్గరి గీత పక్కన నిలబెట్టాడు. చివరి ఆకు గీతకు చాలా కింద ఉంది. బస్సంతా నవ్వింది. తెచ్చి నా ఒళ్లో పెట్టి, "ఇంకా స్కూల్‌కు పంపద్దు," అన్నాడు.

రాత్రి రైల్లో పక్కన, మా దగ్గరి ఉక్కు ఫ్యాక్టరీ ఊరు కూరెకుప్ప ఆమె, బాలింత కూతుర్ని చూసి వస్తోందట. మొక్కను చూసి, చెప్పాపెట్టకుండా కొంగు తడిపి ఆకు తుడవడం మొదలుపెట్టింది.

"ఎంత ధూళి పట్టిండాదో పాపం. మీది గూడా ఫ్యాక్టరీ పక్కనేనా అక్కా?"

"అది ధూళి కాదమ్మా, రంగు."

"రంగా? దుడ్డిచ్చి ఈ రంగు కొనుక్కొస్తాండావా? మా ఊరికి రా, సుమ్నే ఊరికే ఇస్తాం."

నేను నవ్వేశాను. కానీ మొక్కను రాత్రంతా కాళ్ల మధ్య పెట్టుకునే పడుకున్నాను.

రైలు దిగి ఇంటికొచ్చేశాను గానీ, యాత్ర అయిపోలేదు. కుండీని తూర్పు గోడ దగ్గర పెట్టాను. పక్కన ఇనప మన్ను సంచిని ఆనించాను, గాలికి కుండీ పడకుండా. మా ఆయన రోజూ దాన్ని చూపించి, "చూడు, ఇనుము పనికొచ్చె గదా," అనేవారు. చలికాలంలో నీడ ఎక్కువై ఆకులు పచ్చబడ్డాయి. రెండడుగులు జరిపితే మళ్లీ నల్లబడ్డాయి. రోజూ పొద్దున మెత్తటి బ్రష్షుతో ధూళి దులిపేదాన్ని. పోయిన వానలకు పట్టి ఇంట్లో నిలవ ఉంచిన నీళ్లతో నడిపించాను, అవి మార్చికి అయిపోయాయి. సరిగ్గా అప్పుడే గోడ అవతల వదిన ఏసీ వేసింది. పైపు టపటపమంటూ మా వైపు కారింది. ఎప్పటిలా అరవడానికి నోరు తెరిచి, ఆగిపోయాను. గాలిలో తేమ చల్లబడి దిగిన నీళ్లు, సున్నమన్నదే లేని మెత్తటి నీళ్లు. మాదమ్మకు నేను బాకీ పడ్డ జవాబు అదే. గబగబా వెళ్లి బకెట్టు పెట్టాను.

ఏప్రిల్ మధ్యాహ్నాల్లో మొక్క తల వేలాడేసేది. చూసినవాళ్లు పోయిందనేవాళ్లు. గోనె తెర కట్టి, నిండా నీళ్లు పోస్తే సాయంత్రానికి లేచి కూర్చునేది. ఒక్క ఆకు అంచు మాడింది. దాన్ని కత్తిరించలేదు, సైనికుడి గాయంలా ఉంచాను. వానలు పడ్డాక కొత్త కొమ్మలు వేసింది. కోతల పండగ ముందు వారం రెండు గుత్తులు విచ్చుకున్నాయి, చిలకముక్కు ఎరుపులో, కింద నల్లాకులు.

కూనూరు నుంచి మొదలైన ప్రయాణంలో ఆఖరి మజిలీ మా ఇంటి నుంచి చర్చికి. ఆటోలో కాసేపటి దారి. పండగ రోజు పొద్దున ఏడున్నరకు, గుమ్మడికాయలూ జొన్న కంకులూ కోళ్లూ మోసుకొస్తున్న జనం మధ్యలోంచి నేనూ మా ఆయనా కుండీ మోసుకుని లోపలికి వెళ్లాం. కానుకగా తెచ్చి వేలం పాటకు కట్టిన కోళ్లు కూడా కూత ఆపాయనిపించింది, అది నా గొప్ప కావచ్చు.

వదిన వేదిక దగ్గర నిలబడి ఉంది. పువ్వును చూడలేదు. చూపుడు వేలితో ఒక ఆకును రుద్ది, వేలును వెలుతురులోకి ఎత్తి చూసుకుంది. ఇంకో ఆకు రుద్దింది. మళ్లీ చూసుకుంది. వేలు శుభ్రంగా ఉంది.

"ధూళి లేదే," అంది.

"లేదు వదినా. పుట్టు రంగే అది."

"బోరు నీళ్లకు నా క్రోటన్లే మాడిపాయ. దీనికి యాడి నీళ్లు పోస్తివి?"

"మీ ఇంటివే. ఏసీ పైపు నీళ్లు. ఎండాకాలమంతా పట్టుకుంటిని."

ఆమె కళ్లజోడు సర్దుకుంది. "అదా సంగతి. ఈ ఏడు పైపు మాట ఎత్తకపోతివే, మనిషి మారింది అనుకుంటి."

ఆ తర్వాత మాట తప్పకుండా వంగి, జాడీని తనే ఎత్తింది. మా ఆయన సాయం పట్టబోతే వద్దంది. ప్లాస్టిక్ గులాబీలు ఆమె భుజానికి రాసుకుని తెల్లచీర మీద ఎర్రటి చార పడింది. పక్కగది గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఏం సరోజా, వచ్చే ఎండాకాలం ఏసీ పగలు గూడా ఎయ్యాల్నా ఏంది?"

"ఎయ్యండి వదినా. రెండో మొక్క తెస్తా."

జాడీ ఉన్నచోట నేల మీద గుండ్రటి ఎర్ర మచ్చ మిగిలింది. కుండీని జరిపాను. మచ్చ మొత్తం దాని కిందికి పోయింది.