మెల్లగా చెప్పిన మాట

సిరిసిల్లలో ఓంప్రకాశ్ ఇంటి ముందుగదిలోనే మరమగ్గాలు ఆడతాయి. ఆ మోతలో ఇంటిల్లిపాదీ అరిచే మాట్లాడుకుంటారు. అతని నాలుగేళ్ల కూతురు మన్విత మాటలు నేర్చింది ఆ అరుపుల్లోనే.

పాపకు పన్ను నొప్పి అంటే కరీంనగర్ తీసుకొచ్చాడు. పళ్ల దవాఖానాలో చల్లటి హాలు, మెత్తటి సోఫాలు. అందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు.

“బాపూ, గా చాప నోరెందుకు తెరుస్తుంది?” చేపల గాజుతొట్టి చూపిస్తూ మన్విత కేకేసింది.

అందరూ తిరిగి చూశారు. పక్కన కూర్చున్న ఆవిడ నవ్వింది. “మైకు మింగినవా బిడ్డా?”

ఓంప్రకాశ్‌కు తల కొట్టేసినట్టయింది. పాపను దగ్గరికి గుంజుకున్నాడు.

“జర మెల్లగ మాట్లాడు. ఇంకోపారి ఒర్రితే మల్ల ఎన్నడు తోల్కరాను.”

ఆ తర్వాత మన్విత అతని చొక్కా పట్టుకుని ఏదో అంది. చిన్నప్పటి నుంచి మగ్గాల మోతకు మొద్దుబారిన అతని చెవులకు అది అందలేదు. నలుగురిలో మళ్లీ అడగడం నామోషీ అనిపించి తలూపాడు. పాప మళ్లీ అంది. మళ్లీ తలూపాడు.

కాసేపటికి సోఫా తడిసింది, పాప గౌను తడిసింది.

“ఒంటికొస్తుందని రెండుమాట్ల చెప్పింది గదన్నా,” అంది పక్కనున్న ఆవిడ. “నువ్వేమో సరే సరే అంటివి.”

ఓంప్రకాశ్ నేలమీద కూర్చుని కర్చీఫుతో పాప కాళ్లు తుడవసాగాడు. పాప పెదవులు మళ్లీ కదిలాయి.

“నాకు ఇనరాదు బిడ్డా. ఒర్రి చెప్పు,” అన్నాడు అందరి ముందే.

మన్విత చుట్టూ చూసింది. గొంతు పెంచలేదు.