టప్పా బాట మీద పరుగు

మా బాపు హర్కారా. నిజాం కాలంలో ఉత్తరాల టప్పా సంచి భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన బల్లెం పట్టుకుని, మంథని దగ్గరి మా ఊరి నుంచి గోదావరి ఇసుక దాటి ఆదిలాబాద్ జిల్లా ఒడ్డు దాకా పరుగెత్తేవాడు. పోను రెండు కోసులు, రాను రెండు కోసులు. వానాకాలంలో పడవ, మిగతా రోజులన్నీ కాళ్లే. పోలీసు యాక్షన్ అయిన కొన్నేళ్లకు ఉత్తరాలు బస్సెక్కాయి. బాపు పని పోయింది.

నెల గడిచాక, యాసంగి నాట్లు అయిపోయిన ఒక పొద్దున చావడి దగ్గర నిలబడి, "గా టప్పా బాట మీద నన్ను దాటెటోడు ఎవడన్న ఉన్నడా?" అని అడిగాడు. ఐదుగురు ముందుకొచ్చారు. బాపే గెలిచాడు. గొర్లకాపరులు మెచ్చుకుని ఆయనకు కొత్త గొంగడి ఇచ్చారు.

మరుసటి ఏడు అవతలి ఒడ్డువాళ్లు కూడా కలిశారు. అక్కడికి చేరినవాళ్ల చేతికి ఎర్రదారం కట్టి, అంబలి పోసేవాళ్లు. దారం లేకుండా తిరిగొస్తే పరుగు లెక్కలోకి రాదు.

ఐదో ఏడు నేను బాపు దగ్గరికి వెళ్లాను. నన్ను ఊళ్లోనే ఇచ్చారు, అప్పటికి ఇద్దరు పిల్లల తల్లిని.

"బాపూ, నేను గూడ ఉరుకుత."

"నవ్వుతరు బిడ్డా."

"నవ్వనియ్యి."

బాపు నా కాళ్ల వైపు చూశాడే గాని కాదనలేదు. ఇంట్లో మా ఆయన, "పో. పిల్లల్ని మా అవ్వ చూసుకుంటది" అన్నాడు.

చీర గోచిపోసి కట్టుకుని మొగవాళ్ల వెనుక బయలుదేరాను. పోయేటప్పుడు ఇసుక చల్లగా ఉంది. దారం కట్టించుకుని మళ్లేసరికి ఎండెక్కింది. నది నడుమకు వచ్చాక పిక్కలు పట్టేశాయి. లేవలేక ఇసుకలోనే కూలబడ్డాను. అటుగా వస్తున్న ఎడ్లబండి మీద ఊరు చేరాను. చావడి దగ్గర ఒక పెద్దమనిషి, "బండెక్కి పరుగు గెలిచింది!" అన్నాడు. అందరూ నవ్వారు. ఏడుపు వచ్చింది గాని వాళ్ల ముందు ఏడవలేదు.

మర్నాడు బాపు నన్ను నది దగ్గరికి తీసుకుపోయి నా అడుగుజాడలు చూపించాడు.

"మడిమెతోని తొక్కుతున్నవ్. ఇసుక మింగుతది. ముందటి పాదం ఆనియ్యి. నీళ్ల పక్కపొంటి తడి ఇసుక గట్టిగుంటది, సుట్టైనా గట్లనే పో."

వానలు వెనకబట్టి నది తగ్గిన నాటి నుంచి రోజూ పొలం పనికి ముందు ఆ ఇసుకలో ఉరికాను. మొదట పావు దూరం, ఆ తర్వాత సగం. అరికాళ్లు పగిలితే ఆముదం రాసుకున్నాను. చూసి నవ్వేవాళ్లు నవ్వారు. కొన్నాళ్లకు వాళ్లకే విసుగొచ్చింది.

ఆరో ఏడు పరుగులో మొగవాళ్లు ఎప్పటిలాగే అడ్డంగా పొడి ఇసుక మీదుగా పోయారు. నేను పాయ వెంట చుట్టు తిరిగి వెళ్లాను. దారం కట్టించుకుని మళ్లాను. నది నడుమ మళ్లీ పిక్క లాగింది. ఆగలేదు. అడుగులు చిన్నవి చేసుకుని కదిలాను. చావడి చేరేసరికి నా వెనుక ఇంకా ఏడుగురు ఉన్నారు. నాకు కూలబడాలనిపించింది. బాపు రెక్క పట్టుకుని, "కూసోకు, నడువు. దమ్ము కుదురుకోనియ్యి" అంటూ అటూ ఇటూ తిప్పాడు.

మరుసటి ఏడు నలుగురం ఆడవాళ్లం ఉరికాము.

బాపు పోయాక పరుగు నడిపే పని నా మీద పడింది. అదే రోజుల్లో గోదావరి పొంటి బొగ్గుబావులు తెరిచారు. వయసు పిల్లలంతా అటు పోయారు. ఒక ఏడు పట్టుమని పదిమంది రాలేదు. "ఇగ బంద్ చేద్దాం" అన్నారు పెద్దలు.

"బంద్ గాదు. ఐతారం పెడదాం, వాళ్లకు సెలవుంటది" అన్నాను.

కార్మికుల వాడలకు నేనే బస్సులో పోయి ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఆ ఆదివారం పొద్దుటి బస్సులో మా ఊరి పిల్లలే కాక, ఎక్కడెక్కడి నుంచో వచ్చి బావుల్లో పనిచేసేవాళ్లు కూడా దిగారు. కొందరు బావిలోకి వేసుకునే బరువైన బూట్లతోనే వచ్చి వరసలో నిలబడ్డారు.

"అవి ఇప్పుండ్రి" అన్నాను. "గీడ ఇసుక."