నిండమ్మ తల్లి, నిబంధన నాలుగు (ఇ)

ముందే చెప్పేస్తున్నాను. మా పెద్దమ్మ కొడుకు సంపత్ అన్న పెళ్లిని ఏడేళ్లు వెనక్కి నెట్టినంత పని చేయడానికి నాకు కావలసి వచ్చినవి ఇవీ: ఒకటి, రెండు తెల్ల కాగితాలు. రెండు, గ్లాసెడు టీ డికాక్షన్. మూడు, చిటికెడు పసుపు. నాలుగు, ఇంజనీరింగు చదివినవాడి పొగరు. మొదటి మూడూ ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. నాలుగోదానికి మాత్రం నాలుగేళ్లు కాలేజీకి పోవాలి.

నేను భూపాలపల్లిలో ఒక కరెంటు ప్లాంటులో పనిచేస్తాను. ఆదివారం మధ్యాహ్నాలు నా గదిలో నరేష్, రఫీ, నేను కలిసి ఒక ఆట ఆడతాం. దానికి బోర్డు ఉండదు, పేకముక్కలు ఉండవు. ఒకడు కథ చెప్తాడు. మిగతావాళ్లు ఆ కథలో దొంగో, మంత్రగాడో, సైనికుడో అవుతారు. వాళ్ల సాహసం ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక ఒకటి తేలుస్తుంది. కథ చెప్పేవాడే ఆ లోకానికి బ్రహ్మ. నదులు, రాజ్యాలు, దేవుళ్లు, దెయ్యాలు అన్నీ వాడే తయారు చేసుకోవాలి. మా ముగ్గురిలో పట్టికలు గీయడమంటే ఇష్టపడేది నేనొక్కడినే కాబట్టి బ్రహ్మ పదవి నాకు ఏకగ్రీవంగా వచ్చింది.

పరాయి దేశపు డ్రాగన్లూ వాటి దేవతలూ నాకు రుచించలేదు. మన దేవత కావాలి అనుకున్నాను. మా అవ్వ గుర్తొచ్చింది. డబ్బాలో బియ్యం అయిపోతే మా అవ్వ "బియ్యం లేవు" అనేది కాదు. లేవు అంటే లక్ష్మి అలుగుతుందట. "బియ్యం నిండుకున్నయి" అనేది. అందులోంచి నిండమ్మ తల్లి పుట్టింది. ధాన్యం గరిసెలకూ కుండలకూ అధిదేవత. ఆమె నిబంధనల్లో నాలుగోది ముఖ్యం: ఆమె రాజ్యంలో అడుగుపెట్టినవాళ్లు "లేదు" అనకూడదు. తప్పనిసరైతే "నిండుగా ఉంది" అనాలి. అవ్వ మాట "నిండుకుంది" కదా, మరి "నిండుగా ఉంది" ఎందుకయిందంటారా? వినసొంపుగా ఉంటుందని నేనే కాస్త సాగదీశాను. అది నేను చేసిన సాహిత్య సేవ. దాని ఫలితం ముందుంది.

ఇక్కడితో ఆగి ఉంటే నేను ఒక మామూలు మూర్ఖుణ్ణి అయ్యేవాణ్ణి. కానీ ఆటలో నరేష్ దొంగ. బయట కూడా వాడి బుద్ధి అదే.

"నీ దగ్గర కత్తి ఉందా?" అని ద్వారపాలకుడి గొంతుతో అడిగాను.

"ఉండదు" అన్నాడు నరేష్. "లేదు అన్ననా? అనలే. ఉండదు అన్న. పాచిక వెయ్యి."

వెంటనే నాలుగో నిబంధనకు (అ) చేర్చాను: లేదు, కాదు, రాదు, వద్దు, ఉండదు, ఆ అర్థమిచ్చే ఏ మాటా పలకరాదు. తర్వాతి ద్వారం దగ్గర వాడు నోరు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. నాలుగు (ఆ): తల అడ్డంగా ఊపరాదు. ఆ తర్వాత ఊపడం కూడా మానేసి సీలింగు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు. నాలుగు (ఇ): మూడు శ్వాసలకు మించి మౌనంగా ఉన్నా 'లేదు' అన్నట్టే లెక్క.

"అరే, గిది దేవతనా, పోలీస్ టేషనా?" అని రఫీ తల పట్టుకున్నాడు.

నాకు ఆ మాట పొగడ్తలా వినిపించింది. ఏడో నిబంధన: మాట తప్పితే, మొక్కిన పని ఏడేళ్లు వెనక్కి పోవును. ఎనిమిది: గడప లోపలున్న ప్రతి మనిషికీ వర్తించును. తొమ్మిది: అతిథులకు మినహాయింపు. (మా ఇంటి ఓనరు మధ్యలో తలుపు తీసి "నల్లాలో నీళ్లు లేవా?" అన్నాడు. ఆయన్ని శిక్షించే ధైర్యం నాకు లేదు.)

రెండు కాగితాలు అతికించి, అంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కాగితం పాతదిలా కనబడాలని డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టాను. అంచులకు పసుపు పూశాను. నీళ్ల పైపులు కారితే పెట్టే ముద్దతో బొటనవేలంత అమ్మవారిని చేశాను. పెద్ద పొట్ట, నెత్తిన కుండ. నా చేతిపనికి నేనే దండం పెట్టుకునేంత బాగా కుదిరింది. ఆ దండం నాతోనే ఆగిపోవలసింది.

దసరాకు నర్సింహులపేటలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్లినప్పుడు నా సంచీలోంచి ఆ కాగితం, ఆ బొమ్మ, ఆ పాచిక, మూడూ జారిపోయాయి. నాకు తెలియదు. మూడు వారాలు నరేష్‌ను దొంగ అని తిట్టాను. మొదటిసారి వాడు నిజంగా నిర్దోషి.

మూడు వారాల తర్వాత ఫోనొచ్చింది. "రేపు అన్నను చూసుకోనీకి పిల్ల తరపోళ్లు వస్తున్నరు, నువ్వు రావాలె బిడ్డా" అంది పెద్దమ్మ. సంపత్ అన్నకు ముప్పై రెండేళ్లు. నర్సింహులపేటలో పురుగుమందుల దుకాణం, ఊరవతల నాలుగెకరాల పత్తి. అప్పటికి ఏడు సంబంధాలు తప్పిపోయాయి. ఈ ఎనిమిదో సంబంధం బచ్చన్నపేట నుంచి. పిల్ల పేరు సౌజన్య. నాలుగుసార్లు ఫోన్లో మాట్లాడుకున్నారు. ఆ నాలుగు ఫోన్ల తర్వాత మా అన్న పురుగుమందు డబ్బాల మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టాడంటే మీరే అర్థం చేసుకోండి.

పొద్దున్నే వెళ్లాను. "చాయ్ తాగుతవా బిడ్డా?"

"వద్..." అన్నానో లేదో, పెద్దమ్మ అరచేయి నా నోటి మీద ఫట్‌మని పడింది. "ఇయ్యాల ఒక్కరోజు నోరు కట్టుకో కొడుకా! తల్లి వింటది."

"ఏ తల్లి?"

చెయ్యి పట్టుకుని దేవుని అర్రలోకి తీసుకుపోయింది. ట్రిప్పయిన ట్రాన్స్‌ఫార్మర్‌లా నిలబడిపోయాను. నా డికాక్షన్ కాగితానికి ఫ్రేము కట్టించారు. దాని కింద పైపుల ముద్దతో చేసిన నా నిండమ్మ, కుంకుమ బొట్టుతో, బంతిపూల మధ్య కొలువై ఉంది. దీపం పక్కన ఇరవై ముఖాల పాచిక, నైవేద్యం పెట్టిన చక్కెర బిళ్లతో సహా.

"పెద్దమ్మా, గిది ఆట! నేను రాసిన!"

"రాసింది నీ చెయ్యి. రాయించింది తల్లి."

"ఈ బొమ్మ పైపులకు పెట్టే ముద్దతోని చేసిన!"

"వినాయకుణ్ణి బంకమట్టితోని చేస్తరు. మరి ఆయనకు ఉండ్రాళ్లు పెడుతున్నం గద?"

 "నిజం పెద్దమ్మా, గసొంటి దేవత లే..." అరచేయి మళ్లీ పడింది.

"కాగితం దొరికిన మూడోనాడే బచ్చన్నపేట సంబంధం వచ్చింది. సంబంధం ఖాయమయ్యేదాక ఇంటిల్లిపాది మొక్కుల ఉన్నం. మాట తప్పితె ఏడేండ్లు! అన్నకు ఇప్పుడు ముప్పై రెండు. లెక్కలు సదివినోనివి, నువ్వే కూడు."

కూడి చూశాను. ముప్పై తొమ్మిది వచ్చింది. మూలన కొత్త చొక్కా వేసుకుని కూర్చున్న సంపత్ అన్న కూడా అదే లెక్క వేసుకున్నట్టున్నాడు. "తమ్మీ, జర చూసుకో" అన్నాడు. ఆ గొంతులో ఉన్న భయం విన్నాక నేనూ మొక్కులో చేరిపోయాను. తాను తవ్విన గోతిలో తానే పడతాడంటారు. నేను తవ్వి, లెవెలింగు చేసి, మెట్లు కూడా కట్టి, మా వంశాన్నంతా వరసగా దింపాను.

పదకొండు గంటలకు వాళ్లు వచ్చారు. పిల్ల మేనమామ, మేనత్త. మేనమామ ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసిన మనిషి. మాట్లాడుతుంటే పక్కన కామాలు, ఫుల్‌స్టాపులు కూడా కనబడేలా మాట్లాడతాడు. మేనత్త సోఫా అంచున, అవసరమైతే ఒక్క ఉదుటున లేవడానికి వీలుగా కూర్చుంది. మర్యాదలయ్యాయి. ఉప్మా అయింది. ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఏమనుకోవద్దు బాబూ. పిల్లనిచ్చెటోళ్లం, అడుగాలె. మందు కొడతవా?"

అన్న ముఖం కేసముద్రం మార్కెట్లో మిరప బస్తాల మధ్య తుమ్ము ఆపుకుంటున్న మనిషి ముఖంలా అయింది. 'లేదు' అనకూడదు. తల ఊపకూడదు. ఒక శ్వాస. రెండో శ్వాస. పెద్దమ్మ వేళ్ల మీద లెక్క పెడుతోంది. మూడు...

"కొడత" అన్నాడు అన్న.

మేనత్త చేతిలో చాయ్ కప్పు ఆగిపోయింది.

"పత్తికి" అని కలిపాడు అన్న. "పత్తికి కొడత."

"హా, పత్తికి సరే. నేను అడిగేది నీ సంగతి."

"నేనే కొడత మామా. స్వయంగ."

"రోజూనా?"

"పురుగు లేస్తె రోజు."

"ఏ టైముల?"

"తెల్లారంగనే. ఎండ ఎక్కితె మందు పవర్ దిగిపోతది."

అన్న చెప్పిన ప్రతి అక్షరమూ వ్యవసాయ శాఖ ఒప్పుకునే సత్యం. మేనమామ మాత్రం చెమట తుడుచుకుని, ఆడవాళ్లయితే సరిగ్గా చెప్తారని పెద్దమ్మ వైపు తిరిగాడు.

"చెల్లే, పిలగానికి జబ్బులేమన్న ఉన్నయా?"

పెద్దమ్మ భక్తిగా రెండు చేతులూ జోడించింది. "తల్లి దయ అన్నా. నిండుగున్నయి."

"ఆఁ? మరి... కోర్టు కేసులు గిట్ల?"

ఇంతసేపూ ఎప్పుడు తన వంతు వస్తుందా అని చూస్తున్న సంపత్ అన్న నాన్న, మా పెద్దబాపు, అందుకున్నాడు. "అవి గూడ నిండుగున్నయి బావా."

"ఇంతకు ముందు పెండ్లేమన్న..."

"నిండుగ..." అని పెద్దబాపు మొదలుపెట్టేసరికి మేనత్త లేచి సంచీ చంకన పెట్టుకుంది. "లే, పోదాం. బస్సు దొరుకుతది."

అన్న నా వైపు చూశాడు. ముప్పై తొమ్మిదేళ్లవాడి చూపు అది.

అప్పుడు వెలిగింది నాకు, వంద వాట్ల బల్బులా. నిబంధన ఎనిమిది: *గడప లోపలున్న* ప్రతి మనిషికీ. నరేష్ కూడా కనిపెట్టని సందు! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చలోకి పోయి ఇంటిని గెలిపించాలి. ఒక్క దూకులో గడప దాటి, చెప్పులు కూడా లేకుండా వాకిట్లోంచి చుట్టూ తిరిగి, కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి అరిచాను.

"లేవు మామా! జబ్బులు లేవు! కేసులు లేవు! పెండ్లి కాలేదు! అన్న తాగడు, పత్తే తాగుతది!"

మేనమామ కిటికీ వైపు, తలుపు వైపు, మళ్లీ కిటికీ వైపు చూశాడు. "గీ పిలగాడు ఇప్పటిదాక గీడనే కూసుండె గద. బయటికి పోయి ఎందుకు ఒర్రుతుండు?"

"వాడు ఇంజనీరు అన్నా" అంది పెద్దమ్మ, దానితో అన్నీ తెలిసిపోతాయన్నట్టు.

ఇక దాచలేదు. ఆట, బ్రహ్మ పదవి, డికాక్షన్, నరేష్ దొంగబుద్ధి, అన్నీ కిటికీలోంచే ఒప్పుకున్నాను. "ఆ దేవత లేదు మామా. నేనే తయారు చేసిన."

 పెద్దమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె వేళ్లు మాత్రం అలవాటుగా శ్వాసలు లెక్క పెడుతూనే ఉన్నాయి.

"ఆ కాగితం ఒక్కసారి తెండ్రి" అన్నాడు మేనమామ.

ఫ్రేము తెచ్చి చేతిలో పెట్టారు. ఆయన చదివాడు. నాలుగో నిబంధన దగ్గర ఆగాడు. (అ) చదివాడు. (ఆ) చదివాడు. (ఇ) దగ్గర కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"మౌనంగ ఉన్నా లేదు అన్నట్టే లెక్క" అని పైకి చదివాడు. "వారెవ్వా! ముప్పై ఏండ్లు దస్తావేజులు రాసిన. గిట్ల ఒక్క సందు గూడ ఇయ్యకుంట రాసుడు నాతోని కాలే. ఎవలు నేర్పిండ్రు బిడ్డా నీకు?"

"నరేష్" అన్నాను. వాడి రుణం అలా తీరింది.

"గీ ఇంట్ల అందరికి పిచ్చి" అంది మేనత్త, ఇంకా నిలబడే.

అంతలో ఆయన ఫోను మోగింది. సౌజన్య. ఓపిక పట్టలేక తానే చేసింది. ఆయన స్పీకరు నొక్కాడు.

"ఏమైంది మామా? ఎట్లున్నరు?"

"మంచోళ్లే బిడ్డా. మందు కొడతడు గని పత్తికి. జబ్బులు నిండుగున్నయి గని లేవు. గీ ఇంట్ల ఎవ్వలు గూడ లేదు, కాదు, వద్దు అనొద్దని ఒక దేవత పెట్టుకున్నరు."

సౌజన్య జవాబు కోసం చూస్తూ, నేను బయట ఉన్నా శ్వాసలు లెక్కపెట్టాను.

"కోడలికి గూడ వద్దు అనరా?"

మేనమామ వేలితో వెతికి చదివాడు. "నిబంధన ఎనిమిది. గడప లోపలున్న ప్రతి మనిషికీ వర్తించును. అనరు బిడ్డా."

"అయితె ఖాయం చెయ్యి మామా."

మేనత్త కూర్చుంది. పెద్దమ్మ దేవుని అర్రలోకి పరుగెత్తింది. కిటికీ ఊచల మధ్య ముఖం పెట్టి నిలబడ్డ నన్ను మాత్రం ఎవరూ లోపలికి పిలవలేదు. కాళ్లు కాలుతుంటే నేనే వచ్చాను.

శుభలేఖ పైన ఏం అచ్చయిందో మీరు ఊహించే ఉంటారు: 'శ్రీ నిండమ్మ తల్లి ప్రసన్న'. నరేష్ దాన్ని పటం కట్టుకున్నాడు. పెళ్లయిన వారానికి, మొక్కు తీరింది కదా, ఇక నిబంధనలు ఎత్తేద్దామా అని పెద్దమ్మ కోడలిని అడిగింది. మా వదిన గడప లోపలే నిలబడి, తలమీది కొంగు సర్దుకుని, వినయంగా జవాబిచ్చింది.

"నిండుగ ఎత్తేద్దాం అత్తమ్మా."

ఆమెకు నిబంధనల మీద పట్టు అప్పటికే నాకంటే ఎక్కువ. పటం ఇంకా గోడమీదే ఉంది.

వదిన ఆ జవాబిచ్చిన రోజే నేను దేవుని అర్రలో, నా చేత్తో చేసిన ఆ బొటనవేలంత తల్లి ముందు కుడిచెయ్యి చాపి, ఇక ఈ జన్మలో కొత్త దేవతల జోలికి పోకూడదని గట్టిగా నిశ్చయించుకున్నాను. ప్రతిజ్ఞ పైకి చదవబోతుంటే వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"మళ్ల గిసొంటి తల్లులను తయారు చేస్తవా బిడ్డా?"

గడప లోపలున్నాను. తల ఊపకూడదు. ఒక శ్వాస. రెండో శ్వాస. పెద్దమ్మ వేలు మూడోదాని మీదికి వచ్చింది.

"నిండుగ చేస్త పెద్దమ్మా" అని ప్రమాణం చేశాను.

"సల్లగుండు కొడుకా" అని మెచ్చుకుని, పెద్దమ్మ నా చేతిలో రెండు తెల్ల కాగితాలు పెట్టి, పొయ్యి మీద డికాక్షన్ పెట్టింది.