రామచంద్రం పదకొండో పరీక్ష

మా మరిపెడ రైసుమిల్లు మేస్త్రీ రామచంద్రం దృష్టిలో ఒక్కసారి జరిగింది ఏదీ జరిగినట్టు కాదు. మిల్లుకు తాళం వేస్తాడు, నాలుగడుగులు నడుస్తాడు, తిరిగొచ్చి లాగి చూస్తాడు. మళ్లీ నాలుగడుగులు. నేను అదే మిల్లులో గుమస్తాను. సాయంత్రం ఆయనతో కలిసి బయలుదేరితే, గేటు దాటేసరికి నా బీడీ అయిపోయేది.

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు, కాలేజీలు మూతబడి అందరికీ ఏడాది చదువు పోయింది. అవే పాఠాలు రెండోసారి చదవొచ్చని సంతోషించినవాడు జిల్లా మొత్తంలో ఈయనొక్కడే. ఒకసారి మానుకోట బస్సెక్కబోతూ కండక్టర్ని అడిగాడు, డ్రైవర్ని అడిగాడు, కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన్ని అడిగాడు. అది మానుకోట బస్సేనని తేలింది. ఈయన్ని వదిలేసి నేరుగా మానుకోట పోయింది.

పెళ్లిలో మూడు ముళ్లు వేశాక, మొదటిది సరిగా పడిందో లేదోనని ఇంకో మూడు వేశాడట. ఆయన భార్య వనమాల ఈ సంగతి ఎవరొచ్చినా చెబుతుంది. "ఆరు ముళ్లు. ఇప్పుకొని పోదామన్నా వీలుగాలె," అంటుంది.

ఎనభైమూడులో మా సేటు తుల్సీరాంకు ఒక విశ్వవిద్యాలయంతో ఒప్పందం కుదిరింది. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడికించే ఊక పొయ్యిని వాళ్లు కొత్త రకంగా కట్టిస్తారు. సగం ఊక మిగులుతుంది. మిగిలింది ఇటుక బట్టీలకు పోతుందని సేటు ఆనందం, పరిశోధన పత్రం అచ్చవుతుందని లెక్చరర్ సోమేశ్వర్ ఆనందం. పొయ్యి కట్టడం కంటే దాని ముందు ఫొటో దిగడానికే ఎక్కువ సేపు పట్టింది. ఊక వేస్తున్న గట్టమ్మ ఫొటోకు అడ్డంగా ఉందని పక్కకు జరగమన్నారు.

గట్టమ్మ మిల్లు పెట్టిననాటి నుంచి ఆ పొయ్యి ముందే ఉంది. వెనుకా ముందూ ఎవరూ లేని మనిషి. మొదటి పరీక్ష రోజు ఊక వేసింది కూడా ఆమే. అంకెలు బ్రహ్మాండంగా వచ్చాయి. సోమేశ్వర్ పొయ్యిని మెచ్చుకున్నాడు. ఇది ఎవరైనా నడపగలిగే యంత్రమన్నాడు. సేటు ఆ మాట పట్టుకున్నాడు. థర్మామీటర్ చదవడం రాని ముసల్ది ఇక ఎందుకు, తన డ్రైవర్ బావమరిది హన్మంత్ పదో తరగతి పాసయ్యాడు, జేబులో పెన్ను కూడా ఉంది, వచ్చే నెల నుంచి అతన్ని పెడదామన్నాడు.

గట్టమ్మ ఊక చేటను కొంగుతో తుడిచింది.

అప్పుడు రామచంద్రం దగ్గాడు. "ఇంకొక్కపారి సూద్దాం సార్."

ఆ ఒక్కపారి నెలరోజులు నడిచింది. ఒకరోజు హన్మంత్‌ని కూర్చోబెట్టేవాడు, ఒకరోజు గట్టమ్మను. మళ్లీ హన్మంత్, మళ్లీ గట్టమ్మ. హన్మంత్ కూర్చున్న రోజు మిల్లంతా పొగ. పొగచూరిన బియ్యాన్ని ఎవరూ కొనరు కాబట్టి సేటు ఔదార్యంతో మాకు పంచాడు. ఆ నెల మా ఇళ్లలో పాయసం కూడా చుట్ట వాసన వేసింది. ఆరో పరీక్షకు సోమేశ్వర్ విసుక్కున్నాడు. ఎనిమిదోదానికి సేటు తిట్టాడు. పదోదానికి నేనూ తిట్టాను.

పదకొండోది అయ్యాక రామచంద్రం తన నోటుబుక్కు సోమేశ్వర్ ముందు పెట్టాడు. వేడి, సమయం, ఊక బస్తాలు, అన్నీ లెక్చరర్ గీయించిన గడులే. చివర స్కేలు పెట్టి ఈయన ఇంకో గడి గీశాడు. పైన "పొయ్యి ముందు ఎవరు" అని రాసి ఉంది. గట్టమ్మ ఉన్న రోజుల్లో నాలుగు బస్తాలు. హన్మంత్ ఉన్న రోజుల్లో ఏడు, అందులో సగం కాలని ఊకే.

సోమేశ్వర్ రెండుసార్లు చదివాడు. తరవాత గట్టమ్మను, ఒప్పందం కుదిరాక మొదటిసారి, ఒక ప్రశ్న అడిగాడు. ఊక ఎప్పుడు వేయాలో ఎట్లా తెలుస్తుందని.

"మంట సప్పుడు ఇని ఏస్త బిడ్డా. ఆకలైతె అదే చెప్తది."

ఊక మిగలాలంటే గట్టమ్మ ఉండాలని సేటుకు వెంటనే బోధపడింది. అంత త్వరగా ఆయనకు ఇంకేదీ బోధపడగా నేను చూడలేదు. గట్టమ్మ ఉండిపోయింది. హన్మంత్ పెన్ను జేబులో పెట్టుకుని ఆమె దగ్గర పని నేర్చుకోవాలని తేలింది.

ఆ సాయంత్రం రామచంద్రాన్ని అడిగాను, నీకు మొదటిరోజే తెలుసు కదా, పదకొండుసార్లు ఎందుకని.

"ఒక్కపారైతె అదృష్టమంటరు. రెండుపార్లైతె నేను చెప్పి చేపిచ్చిన్నంటరు. పదకొండైతె సదువుకున్నోళ్లు గూడ ఒప్పుకుంటరు."

తాళం వేసి నాలుగడుగులు నడిచాడు. వెనక్కి తిరిగేలోగా గేటు దగ్గర నిలబడ్డ గట్టమ్మ అంది, "పడ్డది బిడ్డా. నేను సూసిన, పో."

రామచంద్రం ఒక క్షణం ఆగాడు. "నువ్వు ఒక్కపారే సూసినవ్ గదనే అవ్వా," అని వెనక్కి వెళ్లాడు.

నేను ఇంకో బీడీ వెలిగించాను.